అప్‌డేట్ ఆగిపోతే: ఐపీవీ4, ఐపీవీ6ల మధ్య చిక్కును గుర్తించి సరిచేయడం

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్లు నడుపుకుంటున్న ఒక చిన్న ఆఫీసుకు నేను అప్పుడప్పుడూ సిస్టముల పని చూసిపెడుతుంటాను. ఒక శనివారం సాయంత్రం అక్కడి కుర్రవాడు ఫోన్ చేసి, "అన్నా, మూడు ఉబుంటు సిస్టముల్లో అప్‌డేట్ సున్నా శాతం దగ్గరే నిలబడిపోయింది. బ్రౌజరులో మాత్రం అన్నీ తెరుచుకుంటున్నాయి. మిర్రర్ మార్చాను, క్యాష్ తుడిచేశాను. ఇక ఓఎస్ మళ్లీ వేసేయమంటావా?" అని అడిగాడు. మిర్రర్ అంటే అప్‌డేట్ ఫైళ్ల నకలు ఉంచే సర్వరు. ఏమీ వేయవద్దని చెప్పి, తెర మీద కనిపిస్తున్న చివరి లైనును పొల్లుపోకుండా చదవమన్నాను. సర్వరు పేరు పక్కన బ్రాకెట్లలో, చుక్కలకు బదులు కోలన్లు నిండిన పొడవాటి చిరునామా ఒకటుందని అతను చదివాడు. రెండు గంటలుగా అతని కళ్ల ముందే ఉన్న ఆ చిరునామాయే అసలు సంగతి చెబుతోంది: అప్‌డేట్ ఐపీవీ6 దారిలో బయలుదేరింది, బ్రౌజరు వేరే దారిలో వెళ్లి వస్తోంది.

ఇలాంటి సందర్భాల్లో ఏ క్రమంలో ఏం చూడాలో ఇక్కడ రాస్తున్నాను. కమాండ్లన్నిటినీ తెలుగు అక్షరాల్లోనే ఇచ్చాను కాబట్టి, టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉంచి ఇవ్వాలి. "హైఫన్ 6" లాంటి చోట్ల హైఫన్‌కూ దాని వెంటనే వచ్చే అంకెకూ, అక్షరానికీ మధ్య ఖాళీ ఉండదు.

ముందుగా రెండు దారుల గురించి కొంత చెప్పుకోవాలి. ఐపీవీ4, ఐపీవీ6 అంటే ఇంటర్నెట్‌లో యంత్రాలు ఒకదాన్నొకటి చేరుకోవడానికి వాడే రెండు చిరునామా పద్ధతులు. 1981లో ప్రమాణంగా స్థిరపడిన ఐపీవీ4లో చిరునామా పొడవు 32 బిట్లు కావడం వల్ల మొత్తం చిరునామాలు దాదాపు 430 కోట్లు మాత్రమే. ప్రపంచ స్థాయిలో పంచిపెట్టడానికి మిగిలిన ఆఖరి నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. ఐపీవీ6 చిరునామాకు 128 బిట్లు ఉంటాయి కనుక అక్కడ కొరత అన్న మాట లేదు. అయితే ఈ రెండింటికీ పొత్తు కుదరదు. ఐపీవీ4 మాత్రమే తెలిసిన యంత్రం ఐపీవీ6 మాత్రమే తెలిసిన యంత్రంతో మధ్యవర్తి లేకుండా మాట్లాడలేదు. అందువల్ల ఎక్కువ సర్వర్లు, ఎక్కువ ఇళ్ల కనెక్షన్లు రెండింటినీ పక్కపక్కనే పెట్టుకుని నడుస్తున్నాయి. సర్వరు పేరుకు, పేర్లను చిరునామాలుగా మార్చిచెప్పే డీఎన్ఎస్‌లో, ఐపీవీ4 కోసం ఎ రికార్డు, ఐపీవీ6 కోసం నాలుగు ఎ అక్షరాల క్వాడ్ ఎ రికార్డు ఉంటాయి. మీ సిస్టముకు ఐపీవీ6 చిరునామా ఉన్నట్టు కనిపిస్తే, ఆపరేటింగ్ సిస్టము సాధారణంగా ముందు ఆ దారినే ఎంచుకుంటుంది. చిరునామా ఉన్నంత మాత్రాన దారి పనిచేస్తుందన్న హామీ లేదు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మరి బ్రౌజరు ఎందుకు ఆగదు? బ్రౌజర్లలో "హ్యాపీ ఐబాల్స్" అన్న పద్ధతి ఉంది. 2012లో ప్రతిపాదించి 2017లో సవరించిన ఈ పద్ధతి ప్రకారం, ముందు ఐపీవీ6లో ప్రయత్నం మొదలుపెట్టి, పావు సెకను లోపు జవాబు రాకపోతే ఐపీవీ4లోనూ సమాంతరంగా ప్రయత్నించి, ఏది ముందు కలిస్తే దానితో పని కానిస్తారు. మీకు తేడా కూడా తెలియదు. కొన్ని ప్యాకేజీ సాధనాల కొత్త వెర్షన్లలోనూ ఇలాంటి ఏర్పాటు చేరింది గానీ, పాతవి, చిన్న కంపెనీల అప్‌డేటర్లు, రూటర్లలోనూ ప్రింటర్లలోనూ ఉండే ఫర్మ్‌వేర్ అప్‌డేటర్లు మొదటి చిరునామానే పట్టుకుని ఒకటి రెండు నిమిషాలు వేలాడతాయి. అలాంటి చిరునామాలు నాలుగుంటే అంతసేపూ నాలుగుసార్లు వేలాడతాయి. ఆ మారతహళ్లి సిస్టముల్లో ఉన్నది ఉబుంటు 18.04, దానికి సాధారణ మద్దతు 2023లోనే ముగిసింది. దాన్ని మార్చవలసిన సంగతి వేరు, ఆ రోజు మాత్రం ఆ వయసే మాకు రోగాన్ని బయటపెట్టింది.

ఎర్రర్ లైనును చదవడం

డిస్కులో చోటుందా, తేదీ సరిగ్గా ఉందా అన్నవి మొదట చూసేయండి. తేదీ తప్పితే సర్టిఫికెట్లు చెల్లక అప్‌డేట్ ఆగుతుంది, దానికీ నెట్‌వర్కుకూ సంబంధం లేదు. ఆ రెండూ సరిగా ఉంటే ఎర్రర్ లైనులో చిరునామా ఏ రకానిదో, దాని పక్కన ఏ అంకె ఉందో చూడాలి. లినక్స్‌లో 101 అంటే ఆ దారే లేదని అర్థం. చిరునామా తెలిసింది, అక్కడికి పంపడానికి రూటు లేదు. ఇది వెంటనే వచ్చే ఎర్రరు, కాబట్టి మంచి సాధనమైతే తనంతట తానే రెండో చిరునామాకు మారుతుంది. 110 అంటే దారి ఉన్నట్టే ఉంది గానీ ఎంతసేపు చూసినా జవాబు రాలేదని అర్థం. మనల్ని గంటల తరబడి కూర్చోబెట్టేది ఇదే. 111 అంటే అవతలి యంత్రం దాకా చేరాం, ఆ తలుపు మూసి ఉందని అర్థం. అప్పుడు ఐపీ వెర్షన్ల జోలికి పోయేముందు పోర్టు నంబరు, ప్రాక్సీ (మన తరఫున బయటికి వెళ్లే మధ్యవర్తి సర్వరు) చూసుకోవాలి. అసలు పేరే తేలలేదని వస్తే అది డీఎన్ఎస్ గొడవ.

ఏ ఎర్రరూ రాకుండా కనెక్షన్ కలిసి, కొన్ని కిలోబైట్లు దిగి, అక్కడ గడ్డకట్టినట్టు నిలిచిపోయే రకం ఒకటుంది. దాని కథ వేరు కనుక కింద విడిగా రాశాను.

రెండు దారులనూ విడివిడిగా నడిచి చూడడం

లినక్స్‌లో "ఐపీ హైఫన్ 6 అడ్రస్" అని ఇస్తే మీ ఐపీవీ6 చిరునామాలు కనిపిస్తాయి. విండోస్‌లో "ఐపీకాన్ఫిగ్" చాలు. ఎఫ్ఈ80తో మొదలయ్యేది మీ ఇంటి తీగ దాటి వెళ్లని చిరునామా, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఎఫ్‌డీతో మొదలయ్యేది ఇంటిలోపలి వ్యవహారాలకు మాత్రమే పనికివస్తుంది. 2తోగానీ 3తోగానీ మొదలయ్యేదే బయటి ప్రపంచంలో చెల్లుతుంది. తరవాత "ఐపీ హైఫన్ 6 రూట్" అని ఇచ్చి, డిఫాల్ట్ అన్న పదంతో మొదలయ్యే లైను ఉందో లేదో చూడండి. బయట చెల్లే చిరునామా ఉండి డిఫాల్ట్ రూటు లేకపోయినా, రూటు ఉండి చిరునామా లేకపోయినా రోగం సగం తెలిసినట్టే.

ఇప్పుడు అసలు పరీక్ష. అప్‌డేట్ ఏ సర్వరు కోసం వెళుతోందో ఆ సర్వరు మీదే దీన్ని చేయాలి. చాలామంది తమకు అలవాటైన ఏదో ఒక పెద్ద సైటును పింగ్ చేసి "నెట్ బాగానే ఉంది" అని తేల్చేస్తారు, దానివల్ల ఏమీ తెలియదు. "కర్ల్ హైఫన్ 4 హైఫన్ ఐ" అని, చివరి ఐని పెద్ద అక్షరంలో ఇచ్చి, ఆ పక్కన సర్వరు చిరునామా పెట్టండి. తరవాత 4 స్థానంలో 6 పెట్టి అదే మళ్లీ ఇవ్వండి. విండోస్ 10లోనూ ఆ తరవాతి వాటిలోనూ కర్ల్ ముందే ఉంటుంది. రెండూ పనిచేస్తే ఈ సర్వరు వరకూ మొదటి పలకరింపు బాగుందని అర్థం. 4తో వచ్చి 6తో రాకపోతే మీ ఐపీవీ6 దారి విరిగి ఉండవచ్చు, లేదా ఆ సర్వరుకే ఐపీవీ6 లేకపోవచ్చు. రెండో సంగతిని "డిగ్" కమాండుతోనో, విండోస్‌లో "ఎన్ఎస్‌లుకప్"తోనో క్వాడ్ ఎ రికార్డు అడిగి తేల్చుకోవచ్చు. రికార్డు ఉండి జవాబు లేకపోతే, ఐపీవీ6 బాగా పనిచేస్తుందని మీకు తెలిసిన మరో సర్వరును 6తో అడగండి. అదీ పలకకపోతే లోపం మీ వైపు ఉంది. అది పలికితే మిర్రర్ వైపు ఉంది, అప్పుడు మిర్రర్ మార్చడంలో అర్థముంది. 6తో వచ్చి 4తో రాకపోవడం అరుదు గానీ మొబైల్ హాట్‌స్పాట్ మీద ఎదురవుతుంది.

పరీక్షను అప్‌డేట్ ఎక్కడ నడుస్తుందో అక్కడే, అదే యూజరుగా నడపండి. ప్రాక్సీ ఉన్న ఆఫీసుల్లో ఇది మరీ ముఖ్యం. మీ లాగిన్‌లో ఉన్న ప్రాక్సీ సెట్టింగు సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఇచ్చిన కమాండుకు అందకపోవచ్చు. అప్పుడు మీరు పరీక్షించింది ఒక దారి, అప్‌డేట్ వెళ్లింది మరో దారి అవుతుంది.

కరెంటు పోయి వచ్చాక మిగిలే పాత చిరునామా

ఆ ఆఫీసులో మొత్తం పదకొండు సిస్టములున్నాయి. వైఫై మీద ఉన్న ఎనిమిదీ అప్‌డేట్ అవుతున్నాయి, తీగతో స్విచ్చికి కలిపిన మూడే ఆగిపోయాయి. కొన్ని ఆగి కొన్ని నడవడం ఎప్పుడూ మంచి ఆధారమే, ఎందుకంటే ఇంటర్నెట్ కంపెనీ మీద నేరం మోపే ముందు ఆ రెండు గుంపుల మధ్య తేడా ఏమిటని అడగవచ్చు. ఇక్కడ తేడా యూపీఎస్. స్విచ్చి, ఆ మూడు సిస్టములు యూపీఎస్ మీద ఉన్నాయి, రూటరు మాత్రం మామూలు ప్లగ్గులో ఉంది. మధ్యాహ్నం వాన పడి కరెంటు పోయి వచ్చినప్పుడు రూటరు ఆరిపోయి మళ్లీ లేచింది, ఇంటర్నెట్ కంపెనీ దానికి కొత్త ఐపీవీ6 ప్రిఫిక్స్ ఇచ్చింది. ప్రిఫిక్స్ అంటే మీ ఇంట్లోని చిరునామాలన్నిటికీ ముందుండే ఉమ్మడి భాగం, మన ఇంటిపేరు లాంటిది. రూటరు ఆరినప్పుడు వైఫై తెగిపోయింది కాబట్టి ఆ ఎనిమిది సిస్టములూ పాత చిరునామాను వదిలేసి కొత్తది తీసుకున్నాయి. తీగ మీదున్న మూడింటికి స్విచ్చి వెలుగుతూనే ఉంది, వాటి దృష్టిలో ఏమీ జరగలేదు. పాత చిరునామాను ఉంచుకునే, పక్కన కొత్తదాన్ని కూడా చేర్చుకున్నాయి.

ప్రమాణాల ప్రకారం రూటరు ప్రకటించే ప్రిఫిక్స్‌కు మామూలు ఆయుష్షు 30 రోజులు, దాన్ని కొత్త కనెక్షన్లకు వాడుకోదగిన గడువు 7 రోజులు. రూటరు ఆ గడువును మార్చకపోయినా, లేచాక "పాతది ఇక చెల్లదు" అని చెప్పకపోయినా సిస్టము ఆ చెల్లని చిరునామాను రోజుల తరబడి నమ్ముతుంది. రెండు చిరునామాల్లో దేనితో బయలుదేరాలన్నది చేరవలసిన సర్వరును బట్టి కూడా మారుతుంది. అందువల్ల కొన్ని సైట్లు చక్కగా తెరుచుకుని, కొన్ని మాత్రం 110తో ఆగిపోయి మనిషికి పిచ్చెక్కిస్తాయి.

గుర్తించడం తేలికే. సిస్టములో 2తో మొదలయ్యే చిరునామాలన్నిటినీ రాసుకుని, రూటరు స్టేటస్ పేజీలో కనిపించే ప్రిఫిక్స్‌తో పోల్చండి. ఒకే ప్రిఫిక్స్ కింద రెండు మూడు చిరునామాలు ఉండడం సహజమే, గోప్యత కోసం సిస్టమే వాటిని మారుస్తూ ఉంటుంది. మొదటి నాలుగు గుంపులు రూటరు చెప్పినదానికి సరిపోకపోతే అది పాత చిరునామా. నెట్‌వర్క్ కేబులు పీకి పది సెకన్లాగి పెట్టినా, నెట్‌వర్క్ అడాప్టరును ఆపి మళ్లీ మొదలుపెట్టినా అది వదిలిపోతుంది. ఆ శనివారం ఫోనులో నేను చెప్పిన మందు అంతే, మూడు కేబుళ్లు పీకి పెట్టడం. ఇది పదే పదే రాకుండా ఉండాలంటే రూటరును కూడా యూపీఎస్ మీదికి చేర్చాలి, రూటరు ఫర్మ్‌వేరును కొత్తది చేయాలి. మీ ప్లానులో మారని ప్రిఫిక్స్ దొరికితే అడిగి తీసుకోవాలి.

కలిసి, మధ్యలో గడ్డకట్టే రకం

అప్‌డేట్ మొదలై, సర్వరుతో కలిసి, సెక్యూర్ కనెక్షన్ కుదిరే దగ్గరో, మొదటి పెద్ద ఫైలు దగ్గరో నిలిచిపోతే ఎంటీయూ సంగతి అనుమానించాలి. ఒక్కో ప్యాకెట్టులో పట్టే గరిష్ఠ పరిమాణమే ఎంటీయూ. ఈథర్‌నెట్ మీద అది 1500 బైట్లు. పీపీపీఓఈ పద్ధతిలో లాగిన్ అయ్యే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ల మీద 8 బైట్లు ఆ పద్ధతికే పోయి 1492 మిగులుతాయి. ఐపీవీ4లో పెద్ద ప్యాకెట్టు వస్తే మధ్యలోని రూటరు దాన్ని ముక్కలు చేసి పంపగలదు. ఐపీవీ6లో మధ్య రూటర్లకు ఆ అధికారం లేదు. ఇది పట్టదు, చిన్నది చేసి పంపు అని పంపినవాడికి ఐసీఎంపీవీ6 (నెట్‌వర్కు లోపాలను తెలిపే పద్ధతి) సందేశంగా చెప్పి, ఆ ప్యాకెట్టును పడేస్తాయి. దారిలో ఎవరో జాగ్రత్తపరుడు ఐసీఎంపీ అంతా ప్రమాదమని ఫైర్‌వాల్‌లో మూసేశాడనుకోండి, ఆ సందేశం చేరదు. సర్వరు అదే పెద్ద ప్యాకెట్టును మళ్లీ మళ్లీ పంపుతుంది, అది మళ్లీ మళ్లీ మాయమవుతుంది. చిన్న ప్యాకెట్లు నడుస్తాయి కాబట్టి పింగ్ పనిచేస్తుంది, మొదటి పలకరింపు కుదురుతుంది. హ్యాపీ ఐబాల్స్ కూడా ఇక్కడ ఆదుకోదు, ఎందుకంటే అది చూసేది కనెక్షన్ కలిసిందా లేదా అన్నంతవరకే.

పరీక్ష ఇలా చేయండి. లినక్స్‌లో "పింగ్ హైఫన్ 6 హైఫన్ ఎం డూ హైఫన్ ఎస్ 1452" అని (ఇందులో ఎం పెద్ద అక్షరం) సర్వరు పేరు ఇవ్వండి. విండోస్‌లో "పింగ్ హైఫన్ 6 హైఫన్ ఎల్ 1452" అని ఇవ్వండి. ఐపీవీ6 హెడరుకు 40, ఐసీఎంపీ హెడరుకు 8 కలిస్తే సరిగ్గా 1500 అవుతుంది. జవాబు వస్తే ఆ దారి పూర్తి పరిమాణాన్ని మోస్తోంది. ప్యాకెట్టు మరీ పెద్దదని, ఎంటీయూ 1492 అని సందేశం వస్తే కంగారు పడకండి, అది ఆరోగ్య లక్షణం, చెప్పవలసినవాడు చెబుతున్నాడు. ఏ సందేశమూ లేకుండా నిశ్శబ్దంగా ఉంటే అంకెను 1444కు, ఆపైన 1232కు దించి చూడండి. 1232 అంటే మొత్తం 1280, ఐపీవీ6లో ఏ దారి అయినా తప్పనిసరిగా మోయవలసిన కనీసం అదే. పెద్దదానికి నిశ్శబ్దం, 1232కు జవాబు అయితే ఎంటీయూ గొడవేనని దాదాపు తేలినట్టు. కొన్ని సర్వర్లు పింగ్‌కు అసలు జవాబివ్వవు కనుక దీన్ని ఇంకో రకంగా కూడా ఖాయం చేసుకోవాలి. సిస్టములో ఆ నెట్‌వర్క్ కార్డు ఎంటీయూను కాసేపు 1280కి దించి ("ఐపీ లింక్ సెట్ డెవ్", కార్డు పేరు, "ఎంటీయూ 1280") అప్‌డేట్‌ను మళ్లీ నడపండి. ఆగినది పరుగెత్తితే ఇక సందేహం లేదు.

శాశ్వత చికిత్స రూటరులో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ అనే సెట్టింగు. అది కనెక్షన్ మొదట్లోనే రెండు వైపులకూ ఎంత పెద్ద ముక్కలు పంపుకోవాలో చెబుతుంది. ఎంటీయూ 1492 అయితే ఐపీవీ6 హెడరుకు 40, టీసీపీ హెడరుకు 20 తీసేసి 1432 అని పెట్టాలి. కొన్ని రూటర్లలో ఈ సెట్టింగు ఐపీవీ4కు మాత్రమే పనిచేస్తుంది, మెనూలో టిక్కు కనిపించినా అప్‌డేట్‌ను ఐపీవీ6లో మళ్లీ నడిపి చూసుకోవడం మంచిది. మీ సొంత ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీవీ6ను మూసి ఉంటే తెరవండి. ఐపీవీ4 అలవాటు కొద్దీ దాన్ని మూయడం ఐపీవీ6లో సొంత కాలు నరుక్కోవడమే.

ఒకసారి మా ఇంటి కనెక్షన్‌కే ఇలా అయితే, కంపెనీ పంపిన అబ్బాయి నా ఫోనులో వీడియో ఆడించి చూపించి, "ఆడుతోంది కదా సార్" అని వెళ్లిపోబోయాడు. ఆ వీడియో సైటు వాడేది క్విక్ అనే ప్రోటోకాల్. అది 1500 కన్నా బాగా చిన్న ప్యాకెట్లతో మొదలవుతుంది, కనుక ఈ గొయ్యి దానికి తగలదు. అతనికి 1452 పింగును, 1232 పింగును పక్కపక్కనే చూపించాక తన పైవాళ్లకు ఫోన్ కలిపాడు. ఫిర్యాదు చేసేటప్పుడు నెట్ స్లోగా ఉందని కాకుండా, ఫలానా సమయానికి ఐపీవీ4లో ఇది వచ్చింది, ఐపీవీ6లో ఇది రాలేదు, నా ప్రిఫిక్స్ ఇది అని, రెండు కర్ల్ ఫలితాలూ "ట్రేస్‌రూట్ హైఫన్ 6" ఫలితమూ జోడించి రాయండి.

హాట్‌స్పాట్, ఆఫీసు, కంటైనర్

మొబైల్ నెట్‌వర్కుల్లో కొన్ని ఫోనుకు ఐపీవీ6 మాత్రమే ఇచ్చి, ఐపీవీ4 సర్వర్ల కోసం మధ్యలో అనువాదకుణ్ని పెడతాయి. నాట్64 అనే ఈ ఏర్పాటులో, ఐపీవీ4 మాత్రమే ఉన్న సర్వరుకు ఆ నెట్‌వర్కు డీఎన్ఎస్ ఒక కల్పిత ఐపీవీ6 చిరునామా చెబుతుంది. మీరు ల్యాప్‌టాప్‌లో డీఎన్ఎస్‌ను చేత్తో వేరేదానికి మార్చి ఉంటే ఆ కల్పన జరగదు, అప్పుడు అలాంటి సర్వర్లు అందకపోవచ్చు. డీఎన్ఎస్‌ను ఆటోమేటిక్‌కు తిప్పి చూడడమే మొదటి పని. అప్‌డేటర్‌లో సర్వరు పేరుకు బదులు నేరుగా ఐపీవీ4 అంకెలు రాసి ఉన్నా ఇదే గతి. చాలా ఫోన్లు 464ఎక్స్‌లాట్ అనే పద్ధతితో హాట్‌స్పాట్ వాడేవారికి ఐపీవీ4 కూడా అందిస్తాయి, కాబట్టి ఇది ప్రతిచోటా తగలదు. మీరున్నది ఇలాంటి నెట్‌వర్కేనా అని తెలుసుకోవాలంటే "ఐపీవీ4ఓన్లీ డాట్ ఆర్పా" అన్న పేరుకు క్వాడ్ ఎ రికార్డు అడగండి. ఆ పేరుకు మామూలుగా ఐపీవీ4 చిరునామాలే ఉంటాయి. ఐపీవీ6 జవాబు వచ్చిందంటే మధ్యలో అనువాదకుడు ఉన్నాడు.

ఆఫీసు నెట్‌వర్కులో రెండు సంగతులు తరచుగా తగులుతాయి. కంపెనీ ప్యాకేజీ సర్వరు ఫలానా ఐపీవీ4 చిరునామాల నుంచి వస్తేనే లోపలికి రానిస్తుంది, మీ సిస్టము ఐపీవీ6లో వెళ్లి 403 (అనుమతి లేదు) తెచ్చుకుంటుంది. లేదా వీపీఎన్ ఐపీవీ4ను మాత్రమే సొరంగంలోకి తీసుకుని, ఐపీవీ6ను బయటే వదిలేస్తుంది. రెండింటికీ మందు నెట్‌వర్క్ విభాగం చేతిలోనే ఉంది, మీరు చేయవలసింది ఏ దారిలో వెళ్లిందో ఆధారంతో చూపించడం. డాకర్ కంటైనర్లకైతే (ఒక సిస్టము లోపల విడిగా నడిచే ప్రోగ్రాముల పెట్టెలు) మామూలు బ్రిడ్జిలో ఐపీవీ6 ఇవ్వరు, కాబట్టి హోస్టులో పనిచేసినది లోపల 101 ఇస్తే ఆశ్చర్యపోనవసరం లేదు. పరీక్షలను కంటైనర్ లోపలే చేయాలి.

తాత్కాలికంగా పక్కదారి

భద్రతా అప్‌డేట్ ఈ రాత్రికే పడాలి, ఇంటర్నెట్ కంపెనీ సోమవారం వరకు కదలదు అన్నప్పుడు అప్‌డేట్‌ను ఐపీవీ4లో నడిపించడం తప్పు కాదు. ఎంత చిన్న పరిధిలో చేస్తే అంత మేలు. ఉబుంటు, డెబియన్‌లలో ఒక్కసారికే అయితే ఆప్ట్ కమాండుకు హైఫన్ ఓ పక్కన "అక్వైర్, రెండు కోలన్లు, ఫోర్స్ఐపీవీ4 ఈక్వల్స్ ట్రూ" చేర్చండి, అక్వైర్‌లోని ఎ, ఫోర్స్‌లోని ఎఫ్, ఐపీ పెద్ద అక్షరాలు, వీ చిన్న అక్షరం. కొన్నాళ్లు కావాలంటే ఈటీసీ డైరెక్టరీలోని ఆప్ట్ కింద ఉన్న ఆప్ట్ డాట్ కాన్ఫ్ డాట్ డీలో కొత్త ఫైలు పెట్టి, అందులో అదే లైనును ఈక్వల్స్ గుర్తు లేకుండా రాసి, ట్రూను జంట కోట్లలో ఉంచి చివర సెమీకోలన్ పెట్టండి. ఫెడోరా కుటుంబంలో డీఎన్ఎఫ్ కాన్ఫిగ్ ఫైలులో "ఐపీ అండర్‌స్కోర్ రిజాల్వ్ ఈక్వల్స్ 4" అన్న లైను చాలు. గిట్‌కు ఫెచ్, పుల్ కమాండ్లలో హైఫన్ 4 ఉంది. నోడ్‌కు డీఎన్ఎస్ ఫలితాల వరుసలో ఐపీవీ4ను ముందుంచే ఐచ్ఛికం, జావాకు ఐపీవీ4 స్టాక్‌నే వాడమనే ప్రాపర్టీ ఉన్నాయి.

పైథాన్ పిప్ లాంటి వాటికి అలాంటి స్విచ్చి లేదు. అక్కడ ఈటీసీలోని గాయ్ డాట్ కాన్ఫ్ ఫైలులో ఐపీవీ4కు ప్రాధాన్యం పెంచే లైను ముందున్న హాష్ గుర్తు తీసేయవచ్చు. అందులో ఒక్క ప్రిసిడెన్స్ లైను ఉన్నా మామూలు పట్టిక మొత్తం పక్కకు పోతుంది, కనుక మిగతా ప్రిసిడెన్స్ లైన్లను కూడా తెరిచి ఉంచండి. ఈ ఫైలును చాలా లినక్స్‌లలో ఉండే జీలిబ్‌సీ అనే లైబ్రరీ మాత్రమే చదువుతుంది, ఆల్పైన్ కంటైనర్లలో దాన్ని ఎంత మార్చినా ఫలితం ఉండదు.

ఐపీవీ6ను మొత్తంగా ఆపేయమని చెప్పే సలహా ఎక్కడైనా దొరుకుతుంది, నేను మాత్రం ఇవ్వను. విండోస్‌లో కొన్ని భాగాలు ఐపీవీ6 ఉంటుందన్న లెక్కతో తయారయ్యాయి. మైక్రోసాఫ్ట్ కూడా దాన్ని ఆపేయవద్దని, అవసరమైతే ఐపీవీ4కు ప్రాధాన్యం ఇవ్వమని చెబుతుంది. రిజిస్ట్రీలో డిజేబుల్డ్ కాంపొనెంట్స్ విలువను హెక్స్ 20గా పెట్టి సిస్టమును రీస్టార్ట్ చేస్తే ఆ పని అవుతుంది. లినక్స్‌లోనూ లోకల్‌హోస్ట్ ఐపీవీ6 చిరునామా మీదే వినే సర్వీసులుంటే, ఆపేసిన మరుక్షణం అవి మొరాయిస్తాయి.

పక్కదారి పెట్టిన ప్రతి ఫైలులో మొదటి లైనుగా తేదీ, కారణం, ఎప్పుడు తీసేయాలి అన్నది కామెంటుగా రాయండి. ఆ మారతహళ్లి ఆఫీసులో కేబుళ్లు పీకి పెట్టకముందే కుర్రవాడు ఎక్కడో చదివి ఒక సిస్టములో ఫోర్స్ఐపీవీ4 ఫైలు పెట్టేశాడు, చెప్పడం మరిచిపోయాడు. నాలుగు నెలల తరవాత వాళ్లు ప్యాకేజీ మిర్రర్‌ను ఐపీవీ6 మాత్రమే ఉన్న చిన్న సర్వరుకు మార్చినప్పుడు, పదిలో పడిన అప్‌డేట్ ఆ ఒక్కదానిలో పడలేదు. కనుక రూటరు సరయ్యాక "కర్ల్ హైఫన్ 6"తో ఒకసారి చూసుకుని, ఈటీసీ కింద ఆప్ట్ డైరెక్టరీ మొత్తంలో ఫోర్స్ఐపీవీ అన్న పదాన్ని గ్రెప్‌తో వెతికి, దొరికిన ఫైలును తీసేసి, ఏ ఐచ్ఛికమూ లేకుండా అప్‌డేట్‌ను మరోసారి నడపండి.